ముందు ఏ పామో చూద్దాం

వానలు మొదలై బొరియల్లో నీళ్లు చేరితే పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లవైపు వస్తాయి. బాత్రూం తూము దగ్గరో, చెప్పుల స్టాండు వెనకో తెల్లచారల సన్నటి పాము కనబడుతుంది. ‘కట్లపాము!’ అని ఎవరో కేకేస్తారు. మరుక్షణం కర్ర లేస్తుంది. చచ్చింది ఏ పామో ఆ తర్వాత కూడా ఎవరూ చూడరు.

అలా చచ్చేవాటిలో కట్లపాము కానివి ఎన్నో. బల్లుల కోసం గోడలు పాకి ఇళ్లలోకి చొరబడే వుల్ఫ్ స్నేక్ అచ్చం కట్లపాములాగే కనిపిస్తుంది. దానివల్ల మనిషికి ప్రాణభయం లేదు. నెమ్మదిగా చూస్తే తేడా తెలుస్తుంది. వుల్ఫ్ స్నేక్ ఒళ్లు గోధుమ రంగు. చారలు మెడ దగ్గరే వెడల్పుగా మొదలై, తోకకు చేరేసరికి వెలిసిపోతాయి. కట్లపాము నిగనిగలాడే నలుపు. తల దాటి కొంత దూరం పోయాక గానీ చారలు మొదలుకావు. అవి సన్నగా, తరచూ జంటలు జంటలుగా, తోక కొనదాకా సాగుతాయి. పిల్లపాముల్లో మాత్రం ఈ గుర్తులు తారుమారవుతుంటాయి. అందుకే ఏ మాత్రం అనుమానం ఉన్నా విషపామనే అనుకుని దూరంగా ఉండాలి.

జెర్రిపోతుదీ ఇదే కథ. పొడవు చూసి నాగుపామని భ్రమపడతాం, పొలంలో ఎలుకల్ని తినే ప్రాణిని చేజేతులా చంపుకుంటాం.

పామును పోల్చుకునే చూపు మనకు లేనిది కాదు. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించాడు. 1796లో వచ్చిన ఆయన పుస్తకంలో బొమ్మల పక్కన ఇక్కడివాళ్లు చెప్పిన పేర్లే ఉన్నాయి. ఇప్పుడు ఆయన పేరుతో ప్రపంచానికి తెలిసిన రక్తపింజర అందులో ‘కాటుక రేకుల పొడ’. దాని వీపు మీద వరుసకట్టిన నల్ల అంచుల మచ్చలను నిదానంగా చూసినవాళ్లకే అలాంటి పేరు తోస్తుంది. మన పిల్లలకు ఆ పేర్లూ తెలియవు, ఆ మచ్చలూ తెలియవు. బడిలోనైనా నాలుగు ముఖ్యమైన విషపాముల బొమ్మలు చూపించి చెప్పకపోవడం మన లోపమే.

భయం అబద్ధమని అనడం లేదు. 2000 నుంచి 2019 దాకా దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున సుమారు 58 వేల మంది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి. అప్పటికే ఆలస్యమైపోతుంది.

అయినా చికిత్స కోసం పామును చంపి ఆస్పత్రికి మోసుకెళ్లనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ మన దేశంలో ఇచ్చే మందు ఒకటే. వైద్యులు చూసేది లక్షణాలను. రెప్పలు వాలుతున్నాయా అని గమనిస్తారు. శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే అది పింజర కాటు కావచ్చని వెంటనే మందు మొదలుపెడతారు. పామును వెంటాడుతూ పోగొట్టుకునే ప్రతి నిమిషం రోగి ప్రాణానికి ఎసరే.

ఇంట్లో పాము కనబడితే పిల్లల్నీ, పెంపుడు జంతువుల్నీ అవతలికి పంపి, దూరం నుంచే దానిమీద ఓ కన్నేసి ఉంచండి. వీలైతే ఫొటో తీసి, పాములు పట్టడం తెలిసినవాళ్లకు పంపండి. కాటు పడితే కోయొద్దు, కట్టు బిగించొద్దు, మంత్రగాడి దగ్గరికి పోవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. మీ ఊరికి దగ్గర్లో పాములు పట్టేవారి నంబరు, అటవీ శాఖ నంబరు, 108 ఇవాళే ఫోన్లో దాచుకుని, ఇంట్లో అందరికీ చెప్పండి.