యుద్ధం కథలు ఆడవాళ్లకెందుకూ?

నౌపడ స్టేషన్లో రైలు కోసం కూర్చుని నవల చదువుకుంటున్నాను. పక్కనున్న పెద్దాయన అట్టమీద బొమ్మ చూసి నవ్వారు. "ఆడకూతుళ్లకి ఈ తుపాకుల పుస్తకాలెందుకమ్మా?"

అది గ్రిఫిన్ అనే అమెరికా రచయిత రాసిన 'ది కోర్' వరసలోది. 1986 నుంచి 2004 దాకా పది నవలలొచ్చాయి. ఓడల్లో వెళ్లి, ఒడ్డున దిగి పోరాడే మెరైన్ల కథలు. చాలామటుకు జపానుతో యుద్ధమే.

ఎందుకంటారేమిటండీ! ఆ జపాను విమానాలే 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. పిల్లల్ని చంకనేసుకుని, దొరికిన రైలెక్కి నౌపడ వచ్చిపడ్డ చుట్టాలందరికీ వండి వార్చింది మా అమ్మమ్మే. "ఉప్పుమళ్ల ఊరు కదా, ఉప్పుకి లోటు లేదు, బియ్యానికే వెతుకులాట" అనేదావిడ. తుపాకీ పట్టింది మగవాళ్లే కావచ్చు. గంజి పంచింది ఎవరు?

గ్రిఫిన్ గారు సైనికుల హోదాలు, ఆయుధాల పేర్లు పూసగుచ్చినట్టు రాశారు. సంతోషం. మా అమ్మమ్మ గంజి గిన్నె ఆయనకేం తెలుస్తుంది? అది రాయాల్సింది మనం. రాయాలంటే ముందు యుద్ధం కథలు చదవాలి. చదవొద్దంటే ఎలా?

అక్కయ్యలూ, చెల్లెళ్లూ! ఆ ఏడాది ముచ్చట్లు మీ ఇంట్లో ఎవరికి గుర్తున్నా, ఇవాళే నోటుబుక్కులో రాసుకోండి.