బెస్సీ కోల్‌మన్‌కు చింకిబట్టలు కట్టవలదు

ఆకాశయాన చరిత్రలో తగిన స్థానము చాలకాలము దక్కని నల్లజాతి వనిత బెస్సీ కోల్‌మన్. ఆమె జీవితమును ఒక్క నటి ఒంటరిగా రంగముపై నిలిచి చెప్పు ఏకపాత్ర ప్రదర్శనలు అమెరికాలో జరుగుచువచ్చినవి. సంతోషింపదగిన విషయమే. అయితే ఇట్టి ప్రదర్శనలను గూర్చి రెండు విధములైన మాటలు పుట్టుచుండును. ఒక్క మనిషి, తెరలు లేవు, విమానము లేదు, ఇదేమి సన్మానమని కొందరు. కన్నీరు తెప్పించినగాని జనము చూడరు, పేదరికమును దిట్టముగా చూపుడని మరికొందరు. మొదటి మాట అజ్ఞానము, రెండవది అపచారము అని మా అభిప్రాయము.

మొదటిదానికి మనవారికడ దీర్ఘముగా సమాధానము చెప్పనక్కరలేదు. తరతరములుగా పొరుగు రాష్ట్రములలో కాపురమున్న మన సంఘములకు ఏకపాత్రాభినయము కొత్తది కాదు. మయసభలో భంగపడిన దుర్యోధనుడొక్కడే మన యెదుట నిలుచును. ద్రౌపది రంగముపై లేదు. ఆమె నవ్వు అతని ముఖముననే మనకు వినబడును. ఇంత శక్తిగల ప్రక్రియను మన కార్యవర్గములవారే తెర సవరించు వ్యవధిలో ఇరికించు అంశముగా భావించుట వేరొక దురదృష్టము.

బెస్సీ కథకు ఈ ప్రక్రియయే తగును. ఆమె 1892 జనవరి 26న టెక్సాసు రాష్ట్రములోని అట్లాంటా అను ఊర జన్మించి, వాక్సహాచీలో పెరిగినది. ప్రత్తి చేలలో పనిచేసినది. కళాశాలలో చేరినను చేతిలోని సొమ్ము ఒక్క విడతకే సరిపోగా ఇల్లు చేరినది. 1915లో షికాగో వెళ్లి, క్షౌరశాలలో పురుషుల గోళ్లు తీర్చు పనికి కుదిరెను. మొదటి ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన సోదరుడు జాన్, ఫ్రాన్సులో ఆడువారు విమానములు నడుపుదురు, అది నీవలన కాదని ఎగతాళి చేసెనట. ఆ సోదరుడు రంగముపైకి రానక్కరలేదు. గోళ్లు తీర్చుచున్న చేయి ఒక్క క్షణమాగిన చాలును.

అమెరికాలోని విమాన పాఠశాలలు ఆమెను చేర్చుకొనలేదు. స్త్రీ యగుట ఒకటి, నల్లజాతిది యగుట రెండు. గుమాస్తా కొలువులో దరఖాస్తులను చూచిన మా యనుభవమున, త్రోసివేయుటకు ఒక్క కారణమే పుష్కలము. 'షికాగో డిఫెండర్' పత్రికాధిపతి రాబర్ట్ అబట్ ఫ్రాన్సునకు పొమ్మని సలహా యిచ్చెను. ఆమె ఫ్రెంచి నేర్చి, 1920 నవంబరులో ఓడ యెక్కి, లె క్రొటోయ్ అను ఊర కాడ్రన్ సోదరుల పాఠశాలలో చేరెను. తోటి విద్యార్థి యొకడు విమానము కూలి మరణించుట చూచియు వెనుదీయలేదు. 1921 జూన్ 15న అంతర్జాతీయ వైమానిక సమాఖ్యవారి అనుజ్ఞాపత్రము పొందెను. నల్లజాతి స్త్రీలలో అట్టి పత్రము పొందినవారిలో ఆమెయే మొదటిది. అమీలియా ఇయర్‌హార్టునకు ఆ సమాఖ్య పత్రము 1923లో వచ్చినది. అయినను బెస్సీని ఇయర్‌హార్టుతో పోల్చి పరిచయము చేయువారు కలరు. అక్కను చెల్లెలి పేరు చెప్పి పిలుచుట ఏమి మర్యాద?

ఇక రెండవ మాట. విమాన ప్రదర్శనలతో పేరు వచ్చిన పిదప 'షాడో అండ్ సన్‌షైన్' అను చలనచిత్రమున నటించు అవకాశము ఆమెకు కలిగెను. తీయబూనిన సంస్థ నల్లజాతివారిదే. మొదటి దృశ్యమున చింకిబట్టలు కట్టి, చేత కఱ్ఱయు వీపున మూటయు ధరించి రావలయునని తెలియగానే ఆమె ఆ చిత్రమును విడిచి వెడలిపోయెను. తనవారికై విమాన పాఠశాల పెట్టవలెనను సంకల్పముతో పైకమునకు వెదకుకొనుచున్న దినములవి! నల్లవారిని గూర్చి లోకమునకుగల చులకన భావమును తన వేషముతో పెంచుట ఆమెకు సమ్మతము కాలేదు. ధనముకొఱకైనను ఆమె కట్టనొల్లని బట్టలను, ఆమె పోయిన తరువాత ఆమె పాత్రకు కట్టి చప్పట్లు కొట్టించుకొనుట సన్మానమగునా?

పేదరికమును దాచుమని మేము చెప్పుటలేదు. ప్రత్తి చేను చూపుడు. ప్రత్తి తూచునపుడు ఇంటివారి పక్షమున లెక్క సరిచూచునది గణితము చక్కగా వచ్చిన ఆ పిల్లయే యందురు. దానిని చూపుడు. జాలికి ఎరగా మాత్రము చూపవలదు.

వాక్సహాచీ సంగతియు ఇట్టిదే. 1925లో తాను పెరిగిన ఊర ప్రదర్శన యిచ్చునపుడు తెల్లవారికొక ద్వారము, నల్లవారికొక ద్వారము ఏర్పాటైనవి. అందరికి ఒకే ద్వారము లేనిచో ఎగురనని ఆమె భీష్మించెను. ద్వారము ఒకటైనది. లోపల ఆసనములు మాత్రము వేరువేరుగానే యుండెను. నాటకకర్తలు ఈ చివరి మాటను విడిచిపెట్టుదురేమోయని మా భయము. ద్వారముకడ కథ ఆపినచో చప్పట్లు ఎక్కువ మ్రోగును. కాని జమ వ్రాసి ఖర్చు వ్రాయని లెక్కను ఏ కచేరిలోను ఒప్పుకొనరు.

1926 ఏప్రిల్ 30న ఫ్లారిడాలోని జాక్సన్‌విల్‌లో, మరునాడు పారాచూటుతో దుముకవలసిన చోటు వంగి చూచుటకై ఆమె నడుముపట్టీ బిగించుకొనలేదు. మెకానిక్కు విలియం విల్స్ నడుపుచున్న విమానము తలక్రిందయ్యెను. ఆమె పడి మరణించెను, విల్సును మరణించెను. యంత్రములో ఒక రెంచి చిక్కుకొనుటయే కారణమని తేలినది. అప్పటికామెకు 34 ఏండ్లు. తెల్లవారి పత్రికలు పెక్కు విల్సు పేరునే ముందుంచినవి. 1995లో తపాలా బిళ్ల, 2023లో పావుడాలరు నాణెము ఆమె పేర వచ్చినవి. మంచిదే, కాని బిళ్లయు నాణెమును మాటాడవు.

ఆ పతనమును చివర నుంచి దీపములార్పుట నాటకకర్తకు సులభము. మేమైతే అచ్చట ఆపము. చివరి మాసములలో బెస్సీ ఫ్లారిడాలోని చర్చీలలోను నాటకశాలలలోను ఒంటరిగా వేదిక యెక్కి, ఆకాశయానమును గూర్చి తనవారికి ఉపన్యసించుచు, పాఠశాలకై పైకము కూర్చుచుండెను. ఏకపాత్ర ప్రదర్శనకు ఇంతకంటె సహజమైన రంగము వేరొకటి యుండునా? ఆ వేదికపైననే నటిని నిలువబెట్టవలయును. వేషమునకై తడుముకొనవలసిన పనిలేదు. సైనికుల తీరున కుట్టించుకొన్న కోటు, నడుమున వెడల్పు పటకా, మోకాళ్లదాక బూట్లు తొడిగి ఆమె తీయించుకొన్న ఛాయాచిత్రములు నేటికిని ఉన్నవి.