మధ్యాహ్నం అరగంట... మన సొంతం!

వడియాలు, ఊరగాయలు, జాకెట్టు కత్తిరింపులు... ఇవన్నీ మనం ఎప్పుడూ చెప్పుకునేవే. ఈ వారం కాస్త వేరే కబురు. టీవీకి తగిలించుకుని ఆడే వీడియో గేమ్ గురించి! "అది పిల్లల గొడవ, మనకెందుకూ?" అని పేజీ తిప్పెయ్యకండి. సరిగ్గా ఆ మాట మీదే నాకో అభ్యంతరం ఉంది.

1990ల్లో మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళకి ఈ టీవీ గేములు వచ్చాయి, గుర్తుందా? జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫ్యామికామ్ అనే పెట్టెకి నకళ్ళు అవి. పసుప్పచ్చ క్యాసెట్టు గుచ్చితే ఆట మొదలయ్యేది. మా పుట్టింట్లోనూ ఒకటుండేది. నాకప్పుడు పదహారేళ్ళు, ఇంటర్ చదువుతున్నాను. ఆడేది మా తమ్ముడు. రెండో రిమోటు ఎప్పుడూ పక్కింటి కుర్రాడి చేతిలోనే! ఆడపిల్లలం వెనకాల కూర్చుని చూసేవాళ్ళం. మధ్యలో "అక్కా, మంచినీళ్ళు" అంటే లేచి తెచ్చేదాన్ని. నన్ను ఆడొద్దని ఎవరూ అనలేదు. అలాగని రమ్మనీ అనలేదు. నా ఈడు వాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన కథే అనుకుంటాను.

కిందటి వేసవిలో అటక దులుపుతుంటే ఆ పెట్టె దొరికింది. కరెంటు అడాప్టరు పాడైతే రిపేరు షాపు అతను వేరేది కుదిర్చిచ్చాడు. టీవీకి ఎర్ర, పసుపు, తెలుపు వైర్లు పెట్టే చోటు ఉండబట్టి పని జరిగింది. ఆ క్యాసెట్టులో ఉన్న ఆటల్లో నా మనసు దోచింది 'గలాగా'. నామ్‌కో అనే జపాన్ కంపెనీ 1981లో ఆటల షాపుల కోసం చేసింది. 1985లో ఫ్యామికామ్‌కి వచ్చింది.

ఆట చూడ్డానికి మహా సులువు. నల్లటి ఆకాశం, మిణుకుమిణుకుమనే చుక్కలు. కింద మన విమానం. అది కుడికీ ఎడమకీ తప్ప ఎటూ కదలదు. పైనుంచి పురుగుల్లాంటి శత్రువులు మెలికలు తిరుగుతూ వచ్చి బారులు తీరతాయి. తేనెటీగల్లాంటివి 20, సీతాకోకచిలుకల్లాంటివి 16, అన్నిటికన్నా పైన పెద్దవి 4, మొత్తం 40. పెద్దవాటికి రెండు దెబ్బలు పడాలి. బారులు తీరి ఊరుకుంటాయా అంటే ఊరుకోవు. ఒకటీ రెండూ విడివడి మన నెత్తి మీదకి దూకుతాయి.

అసలు కిటుకు ఎక్కడుందంటే, మన తూటాలు తెర మీద ఒకేసారి రెండుకన్నా ఉండవు. గురి తప్పితే అది పైదాకా పోయేవరకూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. దగ్గరున్నదాన్ని కొడితే వెంటనే ఇంకో తూటా సిద్ధం. కాబట్టి గబగబా నొక్కితే లాభం లేదు. పొయ్యి మీద అట్టు, పక్కన పప్పు, గుమ్మంలో పాలవాడు... చెయ్యి ఒకచోట, కన్ను నాలుగుచోట్ల. ఈ విద్య మనకి కొత్తా చెప్పండి? ఆట అయ్యాక లెక్క కూడా చూపిస్తుంది: ఎన్ని పేల్చాం, ఎన్ని తగిలాయి, నూటికి ఎంత. మొదట్లో నాకు నూటికి 40 దాటలేదు. ఇప్పుడు 70 దాకా వచ్చాను.

ఇంకో తమాషా ఉంది. పెద్ద పురుగు ఒక్కోసారి కిందికి దిగి వలలాంటి వెలుగు వేస్తుంది. అందులో చిక్కామా, మన విమానాన్ని ఎత్తుకుపోయి ఎర్రరంగులోకి మార్చి తన దగ్గర పెట్టుకుంటుంది. మన దగ్గర ఇంకో విమానం మిగిలుంటేనే ఆట సాగుతుంది. తర్వాత ఆ పెద్దది దాన్ని వెంటేసుకుని దిగినప్పుడు, మనదానికి తగలకుండా పెద్దదాన్ని మాత్రమే కొట్టాలి. కొట్టగలిగితే మన విమానం వచ్చి పక్కన చేరుతుంది, ఇక జంటగా కాల్పులే! బలం రెండింతలు. కానీ వెడల్పూ రెండింతలు కాబట్టి దెబ్బ తగిలే అవకాశమూ ఎక్కువే. అంటే కావాలని ఒకటి పోగొట్టుకోవాలా వద్దా అన్నది మనమే తేల్చుకోవాలి. చీటీ పాటలో కూర్చున్నట్టే ఉంటుంది.

డిగ్రీ చదివే మా అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తేది కాదు. ఇప్పుడు పక్కన కూర్చుని "అమ్మా, పట్టుబడు, పట్టుబడు!" అని అరుస్తుంది. గోడ క్యాలెండరు మీద పాల లెక్క పక్కనే మా ఇద్దరి స్కోర్లు. మూడో మెట్టులో శత్రువులు మనల్ని కొట్టకుండా ఊరికే విన్యాసాలు చేసుకుంటూ పోతాయి. 40 కి 40 కొడితే 10,000 పాయింట్లు. అది ముందు సాధించింది నేనే!

మావారు "ఈ వయసులో ఇదేం సరదా?" అన్నారు. "మీరు క్రికెట్ పూటంతా చూస్తారు, నేను అరగంట ఆడతాను, అంతేగా" అన్నాను. ఆయన మాట అలా ఉంచండి. అప్పడాలు వత్తితే ఇంటికి, లేసు అల్లితే టేబులుకి, పూజ చేస్తే అందరి క్షేమానికి. మన తీరిక కూడా ఎవరికో ఉపయోగపడాలనే అలవాటైపోయింది. ఈ అరగంట మాత్రం ఎవరికీ పనికిరాదు. నాకు తప్ప.

ఆ మాటకొస్తే ఈ ఆటలు మగవాళ్ళ సొత్తు అని ఎవరన్నారు? అదే నామ్‌కో కంపెనీ 1980లో తెచ్చిన 'ప్యాక్-మ్యాన్'ని ఆడవాళ్ళు కూడా ఆటల షాపులకి రావాలనే తోరు ఇవతాని రూపొందించాడు. 1981 నాటి 'సెంటీపీడ్' అంటే మన జెర్రి. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో డోనా బెయిలీ అనే ఆవిడ ఒకరు.

ఆడాలనుకునే వాళ్ళకి నాలుగు మాటలు. మీ అన్నదమ్ముల అటకలు వెతికించండి. కొత్తది కొనేముందు మీ టీవీకి తగిలే వైరో కాదో చూసుకోండి. కాస్త దూరంగా కూర్చోండి, బొటనవేలు లాగితే ఆపేయండి. పొయ్యి మీద ఏదీ పెట్టి కూర్చోవద్దు! గడియారం చూసి అరగంటకి లేవండి. కొన్ని ఫోను ఆటల్లా ఇది మధ్యలో డబ్బు అడగదు, అది మరీ హాయి.

మీ ఇంట్లో పిల్లలు ఆడుకుంటుంటే వెనకాల కూర్చోకండి. "ఆ రెండో రిమోటు ఇలా ఇవ్వరా" అని అడగండి. వచ్చేవారం ఉసిరికాయ పచ్చడి సంగతి చెప్పుకుందాం. ఉంటాను మరి!