ర్యామ్ అంతా డేటా సెంటర్ల పాలైతే మన పోరగాండ్ల కంప్యూటర్ ఎట్ల?

పోయిన నెల మా చెల్లె కొడుకు బండి మీద కంప్యూటర్ డబ్బ పెట్టుకొని ఇంటికొచ్చిండు. "మామా, ఇది ఆన్ అయితలేదు. జర చూడు" అన్నడు. ముందట అద్దం, లోపల రంగురంగుల లైట్లు, పైన 'ఐ7 గేమింగ్ పీసీ' అని స్టిక్కర్. చెల్లె మహిళా సంఘంల లోన్ తీస్కొని, మానిటర్‌తో కలిపి 24 వేలు పెట్టి కొనిచ్చింది. ఎనిమిది నెలలన్న కాలే. ఒకనాడు రాత్రి కరెంటు పోయి, వచ్చి, మల్ల పోయి వచ్చేసరికి ఠప్‌మని సప్పుడొచ్చిందట. గంతే.

విప్పి చూస్తే ఎస్‌ఎంపీఎస్ కాలింది. అది పోతే పోయింది, మదర్‌బోర్డును కూడ వెంట తీస్కపోయింది. ప్రాసెసర్ మీది పేస్టు తుడిస్తే పేరు కనవడ్డది: ఐ7-2600. 2011ల బజార్లకొచ్చిన చిప్పు. "ఐ7 అనే గద మామా వాళ్లు చెప్పింది" అన్నడు పోరడు. అవును, దుకాణపాయన అబద్ధం చెప్పలే. ఐ7నే. కాకపోతే మా అల్లుడు అంగన్‌వాడీల ఉన్ననాటి ఐ7. 2022ల వచ్చిన ఐ3-12100 పేరుకు చిన్నదే. రెండింటికీ నాలుగే కోర్లు. అయినా పనిల ఆ ఐ3 దీనికి రెండింతల పైన ఉంటది. పేరు చూసి కొన్నడు, ఏండ్లు చూడలే.

వాడు ఆటల కోసం కొన్నది కాదు. ఎస్‌ఎస్‌సీ సీహెచ్‌ఎస్‌ఎల్‌ల క్లర్క్ పోస్టుకు ఇంగ్లిష్‌ల నిమిషానికి 35 పదాలు టైపు చెయ్యాలె. ఫోన్ల బొటనవేళ్లతోని ఎంత జోరుగ కొట్టినా ఆ చెయ్యి రాదు. ఈఏపీసెట్ గానీ, జేఈఈ మెయిన్ గానీ, రైల్వే పరీక్షలు గానీ కంప్యూటర్ ముందట కూసోనే రాయాలె. 2017-18ల కేంద్రం చేయించిన ఎన్‌ఎస్‌ఎస్ 75వ విడత సర్వేల దేశం మొత్తం మీద పల్లెల్ల నూటికి 4.4 ఇండ్లల్లనే కంప్యూటర్ ఉన్నది. పట్నాలల్ల 23.4 ఇండ్లల్ల. ఇంట్ల కంప్యూటర్ ఉన్నోనికీ లేనోనికీ ప్రశ్నపత్రం మాత్రం ఒక్కటే.

అందుకే ఏ పార్టు కొనాలె, ఏది కొనొద్దు అనేది షోకు ముచ్చట కాదు. సంఘం లోన్‌తోని కొనేటోళ్ల ముచ్చట. ఇప్పుడు ఆ లెక్క మన చేతుల్ల లేకుండ పోతున్నది. ఎట్లనో చెప్త.

ఒక్కరోజే రెండు వార్తలు

2025 అక్టోబర్ 14. ఆ రోజు విశాఖపట్నంల గూగుల్ ఏఐ కేంద్రం పెడ్తదని ప్రకటన వచ్చింది. ఐదేండ్లల్ల 1,500 కోట్ల డాలర్లు. పేపర్లల్ల మొదటి పేజీ వార్త. గదే రోజు ఇంకో పని జరిగింది. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు సపోర్టు బంద్ చేసింది. ఇది మన ఊర్లల్ల ఎవలకూ పెద్దగ తెల్వలే.

విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు ఉండాలె. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, అంటే 2017 చివర్ల వచ్చినవి, లేకుంటే ఆ తర్వాతివి కావాలె. మంచిగ నడిచే కంప్యూటరే ఒక్కరోజుల 'పాతది' అయిపాయె. మర్నాడు ఆగిపోలేదు, నడుస్తనే ఉన్నది. ముందుగాల పేరు నమోదు చేసుకున్నోళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రత అప్‌డేట్లు వస్తయి. తర్వాత అవి కూడ ఆగుతయి.

ఇగ రెండో దెబ్బ ర్యామ్ మీద పడ్డది. లోకంల ర్యామ్ చిప్పులు ముఖ్యంగ చేసేది మూడు కంపెనీలే. కొరియా నుంచి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికా నుంచి మైక్రాన్. ఏఐ సర్వర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేకమైన మెమరీ కావాలె. చిప్పులను చెక్కే సిలికాన్ పలకను వేఫర్ అంటరు. ఒక జీబీ హెచ్‌బీఎం చెయ్యాలంటే, మామూలు డీడీఆర్5 చేసినదానికంటె మూడింతల దాకా వేఫర్ కావాలె. ఇది మైక్రాన్ కంపెనీ స్వయంగ చెప్పిన లెక్కనే.

మన దిక్కు చెప్పాలంటే కాలువ నీళ్ల ముచ్చట. కాలువ ఒక్కటే. మీది పొలమాయన ఎక్కువ పైసలిచ్చి తూము తన దిక్కు తిప్పుకున్నడు. కింది మడికి తడి అందలే. 2025 అక్టోబర్‌ల ఓపెన్‌ఏఐ సంస్థ శాంసంగ్, హైనిక్స్‌తోని నెలకు 9 లక్షల వేఫర్ల దాకా లక్ష్యంతోని ఒప్పంద పత్రాలు రాసుకున్నది. డిసెంబర్ 3న మైక్రాన్, మన అసోంటోళ్లకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమ్మే తన 'క్రూషియల్' బ్రాండునే బంద్ చేస్తున్నమని ప్రకటించింది. కారణం దాపెట్టలే. డేటా సెంటర్ల గిరాకీ పెరిగింది, పెద్ద గిరాకీదార్లకు సరుకియ్యాలె అన్నది. 2025 చివరి నెలల్లనే ర్యామ్ ధరలు రెండింతలు, కొన్ని రకాలు మూడింతలు అయినయి.

ఇదే మైక్రాన్‌కు గుజరాత్‌ల సానంద్ కాడ ఫ్యాక్టరీ ఉన్నది. 2023ల ఒప్పుకున్న ఆ ప్రాజెక్టు మొత్తం 275 కోట్ల డాలర్లు. దాంట్ల సగం కేంద్ర సర్కారు, ఐదో వంతు గుజరాత్ సర్కారు పెట్టేటట్టు రాసుకున్నరు. అంటే మనందరి పన్ను పైసలు. డేటా సెంటర్లు వద్దనీ, ఫ్యాక్టరీలు వద్దనీ నేను అంటలేను. జనం పైసలు అటు పోతున్నప్పుడు జనం పిల్లల కంప్యూటర్ లెక్క కూడ ఎవరన్న చూడాలె గద అంటున్న.

మరి ఇప్పుడు కొనేటోడు ఏం చెయ్యాలె?

నేను చదివింది ఇంటర్ దాకనే. నెట్ సెంటర్ల కూసోని, చెడిపోయిన డబ్బలు విప్పుకుంట నేర్సుకున్న. ఆ అనుభవంతోని చెప్తున్న.

ఇంట్ల పాతది ఉంటే ముందు దాన్నే చూడుండ్రి. ఆన్ అయ్యేందుకు ఐదు నిమిషాలు తీస్కుంటున్నదంటే సగం సార్లు తప్పు ప్రాసెసర్‌ది కాదు, తిరిగే హార్డ్‌డిస్క్‌ది. దాని జాగల 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ పెడితే మనిషికి కొత్త ఊపిరి వచ్చినట్టే. పాత డిస్క్‌ను పడెయ్యకుండ్రి, ఫొటోలు, సినిమాలు దాసుకోవచ్చు. ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేసుకోండ్రి. కొనేముందు బోర్డుకు ఏ రకం పడ్తదో చూసుకోవాలె. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని గాడిల ఇంకోటి కూసోదు. నెట్టితే ఇరుగుతది.

ఏఎండీ ఏఎం4 బోర్డు ఉన్నోళ్లు అదృష్టవంతులు. 2017ల వచ్చిన మొదటి రైజెన్ కాడికెల్లి 5000 సిరీస్ దాకా సాకెట్ అదే. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌ల ఏ ప్రాసెసర్లు పడ్తయో జాబితా ఉంటది. అది చూసి, బయోస్ అప్‌డేట్ చేసి, ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. ర్యామ్ బంగారమైన ఈ రోజుల్ల ఉన్న ర్యామ్‌ను కాపాడుకునుడే పెద్ద పొదుపు.

పాతది లేకుంటే, నా మాటగ చెప్తున్న, లైట్ల డబ్బ కంటె ఆఫీసు డబ్బ మేలు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ అసోంటివి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల, చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుముట్టు మస్తు దొరుకుతయి. చూపుకు పెద్దగుండయి, పనికి గట్టిగ ఉంటయి. ఎనిమిదో తరం ఐ5, అంటే ఐ5-8500 లెక్కటిది అయితే ఆరు కోర్లు, విండోస్ 11 కూడ ఎక్కుతది. ఒక్క జాగ్రత్త: సన్న డబ్బలల్ల ఎస్‌ఎంపీఎస్, బోర్డు ఆ కంపెనీ కొలతలే ఉంటయి. రేపు పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెడ్తమంటే పట్టదు. అది కావాలనుకుంటే టవర్ సైజు తీస్కోండ్రి.

కొత్తదే కావాలంటే ర్యామ్ కాడికెల్లి లెక్క మొదలు పెట్టాలె. ఏడాది కింద అడిగితే "డీడీఆర్5 బోర్డు తీస్కో, ముందు ముందు పనికొస్తది" అనేటోన్ని. ఇప్పుడు ముందు చేతికి డీడీఆర్4 ర్యామ్ ఏ ధరకు దొరుకుతదో చూసి, దానికి పట్టే రైజెన్ 5 5600జీ గానీ ఐ3-12100 గానీ చూడుండ్రి అంటున్న. రెండింట్ల గ్రాఫిక్స్ లోపలనే ఉంటది, వేరే కార్డు అక్కర లేదు. ఇంటెల్‌ల పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉంటే గ్రాఫిక్స్ లేనట్టు. నాలుగు పైసలు తక్కువని అది తెచ్చుకొని, తెర మీద బొమ్మ రాక ఏడ్చినోళ్లను చూసిన. ర్యామ్ ఇప్పటికి ఒక్క 8 జీబీ పెట్టుకొని, ఇంకో స్లాట్ ఖాళీ ఉంచుండ్రి. ధరలు దిగినంక గసోంటిదే ఇంకోటి పెడితే జోడీ అయితది, అప్పుడు ఆ లోపలి గ్రాఫిక్స్ జోరు పెరుగుతది.

ఎక్కడ పొదుపు చెయ్యాలె? క్యాబినెట్ల, లైట్లల్ల, గేమింగ్ కీబోర్డుల. ఎక్కడ చెయ్యొద్దు? ఎస్‌ఎంపీఎస్‌ల. పట్నంల కరెంటు వేరు, మన పంపుసెట్ల లైన్ మీది కరెంటు వేరు. పేరు లేని ఎస్‌ఎంపీఎస్ పోతే ఒక్కతే పోదు, మా అల్లునింట్ల అయినట్టే అయితది. 80 ప్లస్ గుర్తు ఉన్నదా, 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తదా అనేది దాని మీదనే రాసి ఉంటది, సదువుండ్రి. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు 450 వాట్లు చాలు. ఒక యూపీఎస్, ఇంట్ల సరిగ్గ ఉన్న ఎర్తింగ్ వైరు, ఈ రెండూ ఉంటే సగం చావులు తప్పుతయి.

దుకాణంల పైసలిచ్చేముందు కంప్యూటర్ ఆన్ చేయించుండ్రి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ ఒక్కసారి ఒత్తితే టాస్క్ మేనేజర్ వస్తది. పర్ఫార్మెన్స్‌ల ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత అనేది కనవడ్తది. ఆ పేరు ఫోన్ల కొట్టి ఏ సంవత్సరానిదో అక్కడ్నే చూడుండ్రి. బిల్లు మీద "ఐ5" అని రాస్తే ఒప్పుకోవద్దు, మోడల్ నంబరు రాయించుకోండ్రి. రేపు వినియోగదారుల ఫోరంకు పోవాలన్నా ఆ కాయిదమే గతి.

విండోస్ 11 ఎక్కని పాతదానికి లినక్స్ మింట్ అసోంటిది పైసలు లేకుండ వస్తది. కేరళ సర్కారు బడులు ఏండ్ల సంది ఇట్లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నయి. టైపింగ్‌కు, ఇంటర్నెట్‌కు, లిబ్రె ఆఫీస్‌కు, కోడింగ్‌కు ఏ ఢోకా లేదు. ట్యాలీ, ఫొటోషాప్ నేర్సుకుంటమంటే మాత్రం విండోసే కావాలె. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె గద.

అడగాల్సిన మాట

ఇవన్ని మనం చేసుకునేవి. సర్కారు చేసేవి కూడ ఉన్నయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మార్చిన్రు. నోట్‌బుక్కు మీద, పెన్సిల్ మీద పన్ను తీసేసిన్రు, మంచిదే. కంప్యూటర్ మీద మాత్రం 18 శాతం అట్లనే ఉన్నది. బంగారం మీద 3 శాతం. పరీక్ష కంప్యూటర్ల పెట్టి, పెన్సిల్‌కు మాత్రం మాఫీ ఇస్తే అది ఏం లెక్క? చదువుకునే పిల్లలు కొనే చిన్న కంప్యూటర్ మీదన్న పన్ను తగ్గించాలె.

రెండోది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లు సర్కారు ఆఫీసులల్ల, బ్యాంకులల్ల కూడ ఉన్నయి. వాటిని తుక్కు కింద వేలం వేసేముందు, ఎస్‌ఎస్‌డీ, లినక్స్ పెట్టి ఊరి గ్రంథాలయానికి, హాస్టల్‌కు ఇయ్యాలె. 2023 ఏప్రిల్ నుంచి నడుస్తున్న ఈ-వ్యర్థాల నిబంధనలల్ల పాతవి బాగుచేసేటోళ్లకు జాగ ఉన్నది. మీ మండలంల తీసేసిన కంప్యూటర్లు ఎన్ని, అవి ఏడికి పోయినయి? సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టుండ్రి. 

మా అల్లుని సంగతి చెప్పి ముగిస్త. ఆ డబ్బల ఎస్‌ఎస్‌డీ బతికింది, మానిటర్ బతికింది. ర్యామ్ కూడ బతికింది గని అది డీడీఆర్3, కొత్తదానికి పట్టలే. పార్క్‌లేన్‌కు ఇద్దరం పోయి ఎనిమిదో తరం ఆఫీసు టవర్ ఒకటి 14 వేలకు తెచ్చినం. బిల్లు మీద మోడల్ నంబరు వాడే అడిగి రాయించుకున్నడు. చెల్లెకు మొదటి లోన్ కిస్తులు ఇంకా ఉన్నయి, దాని మీద ఇది. మొన్న ఫోన్ చేసి "మామా, 22 పదాలొస్తున్నయి" అన్నడు. ఇంకా 13 కావాలె.