నీళ్లు, నీడ అడుక్కునేవి కాదు

ఎండాకాలం వస్తూనే సర్కారు చాటింపు మొదలవుతుంది. "మధ్యాహ్నం బయటికి రావద్దు, చల్లటి చోట ఉండండి, నీళ్లు బాగా తాగండి." మాట మంచిదే. కానీ ఎవరికి చెప్తున్నారీ మాట? బయటికి పోకుంటే ఆ పూట పొయ్యి వెలగని కూలోళ్లకా? పొద్దంతా కాగే రేకుల కింద బతికే ఎస్సీ కాలనీకా? రెండు బిందెల కోసం బోరింగు కాడ కాసుకునే ఆడోళ్లకా?

మన అనంతపురం కరువు సీమ. ఏడాది మొత్తం మీద పడే వాన సగటున 550 మిల్లీమీటర్లే. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు. శెనక్కాయ పోయిన ఏడు కూలోళ్లకు దిక్కు మట్టిపని, ఇటుకబట్టీ, బండల గని, లేదంటే వలస. ఆ ఎండలో గడ్డపార పట్టినోళ్లు ఎవరో చూడండి. ఎక్కువ మంది మాల మాదిగ పల్లెల వాళ్లే, భూమి లేనోళ్లే. ఎండకు కులం లేదంటారు. నీడకు మాత్రం ఉంది.

2003 ఎండలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయినారు. 2015లో దేశమంతా రెండు వేల మందికి పైగా పోతే, అందులో ఎక్కువ మంది ఆంధ్ర, తెలంగాణ వాళ్లే. ఇవి లెక్కకు ఎక్కిన చావులు. చేను గట్టు మీద పడిపోయిన ముసలాయన చావు ఏ లెక్కలో చేరుతుంది? "గుండె ఆగింది" అని రాస్తే సరి, ఎండ తప్పించుకుంటుంది, పని పెట్టినోడూ తప్పించుకుంటాడు.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. 2005 నాటి ఆ చట్టంలోనే రాసినారు: పని కాడ తాగే నీళ్లుండాలి, పిల్లలకు నీడ ఉండాలి, పనోళ్లకు విశ్రాంతి ఉండాలి, మందుల పెట్టె ఉండాలి. మన రాష్ట్రంలో ఎండాకాలం కూలికి భత్యం కలిపి లెక్కగట్టిన ఏళ్లూ ఉన్నాయి. అంటే ఎండలో మనిషి అంత తవ్వలేడని సర్కారే ఒప్పుకున్నట్టు. కాబట్టి పథకం పేరు ఏదైనా, పని పెట్టేది సర్కారైనా కాంట్రాక్టరైనా, నీళ్లు, నీడ చూపించినాకే పని చెప్పాల.

హక్కు అడుగుతూనే ప్రాణం కాపాడుకోవడమూ నేర్చుకోవాల. పని తెల్లారుజామున మొదలుపెట్టి పదకొండు లోపల దిగాల. దప్పిక అయ్యేదాకా ఆగొద్దు, గంటకు రెండు మూడు సార్లు నీళ్లు తాగాల. మూత్రం ముదురు పసుపుగా వస్తే ఒంట్లో నీళ్లు చాలడం లేదని అర్థం. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, రాగి అంబలి మనకు తెలిసిన మందులే. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కుంటే, లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలుపుకోవాల. సారాయి దప్పిక తీర్చదు, ఉన్న నీళ్లను కూడా లాగేస్తుంది. కొత్తగా ఎండ పనికి వచ్చినోళ్లకు మొదటి నాలుగైదు రోజులే ఎక్కువ ప్రమాదం. వాళ్లకు పని తక్కువ ఇయ్యాల.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, కాళ్లు పీక్కుపోవడం వస్తే వెంటనే నీడకు చేరాల. మాట తడబడినా, పిచ్చిగా మాట్లాడినా, ఒళ్లు పెనం మాదిరి కాలి స్పృహ తప్పినా అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే, నమ్మొద్దు. నీడకు మోసి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాల. తడిగుడ్డ మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టాల. స్పృహ లేనోళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం బిళ్ల పనిచేయదు, జేబులో ఉల్లిగడ్డ కాపాడదు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మరొకరు నీళ్లు పోస్తూనే ఉండాల. బండి వచ్చేదాకా ఊరికే చూస్తూ కూర్చుంటే మనిషి దక్కడు.

ఇదంతా చేయాలన్నా ముందు నీళ్లుండాల. నీళ్ల కాడే మన జాతి కొట్లాట మొదలైంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్ చెరువులో దోసిలి ముంచింది ఒక్క గుక్క కోసం కాదు, మనుషులమని చెప్పడానికి. 1985 జూలైలో కారంచేడులో రాజుకున్నదీ మంచినీళ్ల చెరువు కాడే. పాడు చేయొద్దని అడిగిన పాపానికి మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపినారు. ఇప్పటికీ ట్యాంకరు వస్తే ముందు ఏ వీధిలో ఆగుతుందో, కాలనీకి ఎన్ని బిందెలు మిగులుతాయో చూస్తే చాలు, ఊరు ఎంత మారిందో తెలుస్తుంది.

సంఘం కార్యకర్తలారా! ఈ పక్షంలోనే కాలనీలో కూర్చోండి. ఒంటరి ముసలోళ్లు, బాలింతలు, జబ్బు మనుషులు ఎవరెవరో రాసుకొని, రోజూ ఒకసారి తలుపు తట్టండి. పని కాడ నీళ్లు, నీడ లేకుంటే ఎంపీడీవోకు కాగితం రాసిచ్చి రసీదు తీసుకోండి. ట్యాంకరు మొదట కాలనీలో ఆగాలని పంచాయతీలో నిలదీయండి. ఎవరైనా ఎండకు ప్రాణం విడిస్తే, మట్టి చేసే లోపలే తహసీల్దారుకు, పోలీసులకు, ఆసుపత్రికి తెలియజేసి, వడదెబ్బ చావు అని కాగితం మీద రాయించండి. రాయని చావుకు పరిహారమూ లేదు, జవాబూ లేదు.

దానం అడగడం లేదు. మన చెమటతో ఊరు బతుకుతోంది, ఆ చెమటకు సరిపోయే నీళ్లు అడుగుతున్నాం.

జై భీమ్!