చేప ఒంటిలోని కావలివారు

చెరువులో చేపకు పుండ్లు కనబడగానే "దీనికి మందేమి?" అని అడుగుట మనకు అలవాటు. అంతకు ముందే అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. తన్ను తాను కాపాడుకొను శక్తి ఆ చేపకు ఎందుకు తగ్గినది?

మందలోని గొర్రెకు చెవిగుర్తు ఉన్నట్లు, చేప శరీరములో దాదాపు ప్రతి కణముపైనను ఆ చేపకు చెందిన గుర్తు ఒకటి యుండును. తెల్లకణములలో కొన్ని ఈ గుర్తును తడవి చూచుచు తిరుగును. గుర్తు పరాయిదైనను, లోపల వైరసు చేరినట్లు గుర్తు తెలిపినను, ఆ కణమునకు అంటుకొని, దాని పొరకు బెజ్జము చేయు పదార్థమును వదలి చంపును. చేప ఎముకలలో మనకున్నట్టి మూలుగ లేదు. మూత్రపిండపు ముందు భాగమే ఈ కావలివారికి ముఖ్యమైన పుట్టిల్లు.

హిల్డెమన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు బంగారు చేపలపై చేసిన పరిశోధనను 1957లో ప్రకటించెను. చేప పొలుసును దాని ఒంటిపైనే తిరిగి నాటిన అతుకుకొనును. వేరొక చేప పొలుసును నాటిన చచ్చిపోవును. ఇట్టి ప్రయోగములలో పరాయి పొలుసు చచ్చుటకు వెచ్చని నీటిలో వారము దినములు చాలినవి. చల్లని నీటిలో నెల దాటెను. కావలివాడున్నాడు గాని, చలికి కాలు కదలలేదన్న మాట.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మెట్టసీమ రైతులకు ఇదియే ముఖ్యము. ఇచ్చట చాల చెరువులకు నీరు వచ్చునది ఆశ్వయుజ, కార్తీక వానలతో. అప్పుడు వదలిన సన్నపిల్ల నిలదొక్కుకొనక ముందే మార్గశిరపు చలి వచ్చును. 1988లో మన దేశమున కనబడిన పుండ్ల తెగులు ఇట్టి చల్లని నీటిలోనే విజృంభించును. దానికి కారణము అఫనోమైసెస్ ఇన్వడాన్స్ అను బూజు వంటి జీవి. బంగారుతీగ చేపలో తెల్లకణములు ఆ బూజు పోగులను చుట్టుముట్టి ఆపగలవు. కొరమీను దానికి సులభముగా లొంగిపోవును. బాక్టీరియాను చంపు మందులు ఈ బూజుపై పనిచేయవు.

కనుక మందు డబ్బాకంటె ముందుచూపు మేలని నా అభిప్రాయము. చలికి ముందే బొటనవ్రేలికంటె పెద్దవైన పిల్లలను వదలుడు. ఖర్చు ఎక్కువే, కాని చచ్చిన పిల్లకు పెట్టిన ఖర్చు అంతకంటె ఎక్కువ. చెరువు పట్టునకు మించి పోయకుడు. చలిదినములలో ఊరక వల లాగకుడు; జిగురు, పొలుసు ఊడిన చోటు శత్రువునకు తెరచిన వాకిలి. నీటిని పరీక్ష చేయించి, అవసరమున్నచో తగిన తూకములో సున్నము చల్లుడు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. చెరువు వేలము ఆలస్యమైన కొలది పిల్లను వదలుటయు చలిలోనికి జరుగును. కాగితము నెల ముందు కదిలినచో, చేప తన కావలి తాను కాచుకొనును.