గులాబీ జెర్సీ నుంచి జీతం దాకా

ఈ సంచిక సంపాదకీయం మహిళల ఐస్ హాకీ ప్రపంచ పోటీల మీద రాస్తానంటే మా సంపాదకవర్గంలో ఒక మిత్రురాలు గట్టిగా నవ్వింది. "మనకు మంచు ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడుంది?" అంది. నిజమే. మన పాఠకుల్లో చాలామంది ఈ ఆటను టీవీలో కూడా చూసి ఉండరు. నేనూ పెద్దగా చూసినదాన్ని కాదు. ఆటలంటే దేశభక్తి పేరుతో, కంపెనీల డబ్బుతో నడిచే మగవాళ్ళ వ్యవహారమని ఏళ్ళ తరబడి పక్కన పెట్టినదాన్ని. స్త్రీల శ్రమకు ఎవరు, ఎలా విలువ కడతారన్న విషయం మీద చదువుకుంటుండగా 2017లో అమెరికా మహిళా జట్టు చేసిన పని నా కంటపడింది. అది ఆటల పేజీలో ఉండవలసిన వార్త కాదు, మన పేజీల్లో ఉండవలసిన వార్త అనిపించింది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. గడ్డకట్టిన మంచు మీద, కాళ్ళకు స్కేట్లు వేసుకుని, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళను కర్రతో కొడుతూ ఆడతారు. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో పక్షాన ఆరుగురు. వేగం ఎక్కువ, దెబ్బలూ ఎక్కువే. కెనడాలో ఇది ఆట మాత్రమే కాదు, మగతనానికి కొలబద్ద కూడా. 1955-56లో టొరంటోలో ఏబీ హాఫ్‌మన్ అనే చిన్నపిల్ల జుట్టు కత్తిరించుకుని, మగపిల్లవాడిలా మగపిల్లల లీగ్‌లో ఆడింది. మంచి ఆటగాడని జట్టుకు ఎంపిక చేశారు కూడా. జనన ధృవీకరణ పత్రం చూపించమన్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ పిల్లే పెద్దయ్యాక 800 మీటర్ల పరుగులో నాలుగు ఒలింపిక్స్‌లో పాల్గొంది.

మహిళలకు అధికారికంగా మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరగడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. కెనడా రాజధాని ఒట్టావాలో ఎనిమిది జట్లతో ఆ పోటీలు జరిగాయి. కెనడా పురుషుల జట్టు వేసుకునేది ఎరుపు, తెలుపు. మహిళల జట్టుకు మాత్రం గులాబీ రంగు జెర్సీలు ఇచ్చారు! ప్రేక్షకుల దృష్టిని లాగడానికట. ఆడవాళ్ళు ఇంత మొరటు ఆట ఆడుతున్నారన్న కంగారును గులాబీ రంగుతో కప్పిపెట్టారని నాకనిపిస్తుంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఊరంతా ఆ రంగును సరదాగా పట్టుకుంది, స్టేడియం నిండింది. కెనడా అమెరికాను 5-2తో ఓడించిన ఫైనల్‌కు దాదాపు తొమ్మిది వేల మంది వచ్చారు. రెండేళ్ళలో మహిళల ఐస్ హాకీకి ఒలింపిక్స్‌లో చోటిస్తూ నిర్ణయం జరిగింది. 1998లో జపాన్‌లోని నగానోలో ఆ పోటీ మొదటిసారి జరిగి, అమెరికా గెలిచింది. గులాబీ జెర్సీని తిట్టాలా, దాని వల్ల తెరుచుకున్న తలుపును చూడాలా అన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. నిధుల కోసం మనం రాసే ప్రతిపాదనల్లో ఎన్ని గులాబీ జెర్సీలు తొడుక్కున్నామో మనకే తెలుసు.

ఆ 1990 పోటీల్లో అయిదు మ్యాచ్‌లలో 11 గోల్స్ చేసిన ఆమె ఏంజెలా జేమ్స్. నల్లజాతి స్త్రీ. టొరంటోలో పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్ళ మధ్య, ఒంటరి తల్లి పెంపకంలో పెరిగింది. ఈ ఆటకు స్కేట్లు, కవచాలు, కర్రలు, మంచు మైదానం అద్దె అన్నీ ఖరీదే. కలిగిన కుటుంబాల ఆట, తెల్లవాళ్ళ ఆట. అందులోకి ఆమె ఎలా వచ్చిందన్నది ఒక పెద్ద కథ. మహిళల హాకీ ఒలింపిక్స్‌కు చేరిన 1998లో ఆమెను జట్టులోకి తీసుకోలేదు. 2010లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్న మొదటి ఇద్దరు స్త్రీలలో ఆమె ఒకరు. గౌరవం వచ్చింది, కాని ఆడే వయసు దాటిపోయాక.

ఇక 2017 సంగతి. ఆ ఏడాది ప్రపంచ పోటీలు అమెరికాలోనే, మిషిగన్ రాష్ట్రంలోని ప్లిమత్‌లో, మార్చి 31న మొదలుకావాలి. ఆతిథ్య జట్టు అమెరికాయే, కిందటిసారి విజేత కూడా అమెరికాయే. మార్చి 15న ఆ జట్టు క్రీడాకారిణులు తాము ఆడబోవడం లేదని ప్రకటించారు. జీతాలు, సౌకర్యాల మీద హాకీ సమాఖ్యతో ఏడాదికి పైగా మాట్లాడినా తేలలేదన్నారు. వాళ్ళు చెప్పిన లెక్కలివి: నాలుగేళ్ళకోసారి వచ్చే ఒలింపిక్స్ ముందు ఆరు నెలలు, నెలకు వెయ్యి డాలర్ల చొప్పున సమాఖ్య ఇస్తుంది. మిగతా మూడున్నరేళ్ళూ దాదాపు ఏమీ ఉండదు. జట్టులో ఇంచుమించు సగంమంది రెండో ఉద్యోగమో మూడో ఉద్యోగమో చేసుకుంటూ ఆడుతున్నారు. కుర్రవాళ్ళ శిక్షణ కార్యక్రమం మీద మాత్రం సమాఖ్య ఏడాదికి సుమారు 35 లక్షల డాలర్లు ఖర్చుపెడుతోంది.

సమాఖ్య ఇచ్చిన జవాబు మనకు బాగా పరిచయమైనదే. క్రీడాకారులకు ఉద్యోగమివ్వడం తమ పని కాదంది. అంటే పోటీ మాది, టికెట్లు మావి, పతకం దేశానిది, శ్రమ మాత్రం మీ ఇష్టంకొద్దీ చేస్తున్నది! అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆశా కార్యకర్తకు ఇచ్చేదాన్ని జీతం అనకుండా 'గౌరవ వేతనం', 'ప్రోత్సాహకం' అనడంలో ఉన్న తర్కం కూడా ఇదే. జీతం అంటే యజమాని ఉన్నాడని ఒప్పుకోవాలి. గౌరవ వేతనానికి యజమాని అక్కర్లేదు.

ఆ తర్వాత సమాఖ్య మరో పని చేసింది. వీళ్ళ బదులు ఆడేందుకు వేరేవాళ్ళను వెతకడం మొదలుపెట్టింది. నా దృష్టిలో ఈ కథ అంతటికీ కీలకం ఇదే. ఒక్కసారి ఆలోచించండి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ అమ్మాయి. చిన్నప్పటినుంచి కలగన్న దేశపు జెర్సీ. మామూలుగా అయితే పదేళ్ళు కష్టపడ్డా దొరకని చోటు, ఇప్పుడు ఫోన్ చేసి రమ్మంటున్నారు. వద్దనడానికి ఎంత గుండె కావాలి? కాలేజీ జట్లవాళ్ళను అడిగారు, ఇంకా చిన్నపిల్లలను అడిగారు, చివరికి వారాంతాల్లో సరదాకు ఆడుకునే క్లబ్బులదాకా వెళ్ళారు. జట్టు కట్టడానికి మనుషులు దొరకలేదు. ఒకరి తర్వాత ఒకరు 'ఆడను' అని బహిరంగంగా ప్రకటించారు.

స్త్రీలంతా సహజంగానే ఒకరికొకరు తోడుంటారన్న మాటను నేను నమ్మను. ఇక్కడ జరిగిందీ సహజంగా జరిగింది కాదు. జట్టులోని సీనియర్లు ముందే ఆ చిన్నపిల్లలకు ఫోన్లు చేశారు. విషయమేమిటో, ఎందుకు ఆగమంటున్నారో విడమరచి చెప్పారు. ఉచితంగా వాదించే న్యాయవాదులను పెట్టుకున్నారు. తమ డిమాండ్ల కాగితంలో తమ జీతంతోపాటు చిన్న బాలికల జట్టుకు ఎక్కువ మ్యాచ్‌లు, బాలికల ఆటకు ప్రచారం కూడా రాశారు. అమెరికాలో 1978 నాటి క్రీడల చట్టం ఒకటుంది. స్త్రీలకు, పురుషులకు వేరువేరు కార్యక్రమాలున్నచోట స్త్రీలకు న్యాయమైన తోడ్పాటు ఇవ్వాలని అది సమాఖ్యలను ఆదేశిస్తుంది. ఆ చట్టాన్ని కాగితం మీంచి లేపి నిలబెట్టారు. కొందరు సెనేటర్లు సమాఖ్యకు ఉత్తరం రాశారు. పురుష ఆటగాళ్ళ సంఘాలు మద్దతు ప్రకటించాయి. అయినా అసలు బలం ఆ కాలేజీ పిల్లల దగ్గరే ఉంది. వాళ్ళలో పదిహేనుమంది 'సరే' అని ఉంటే సెనేటర్ల ఉత్తరం ఎవరికి కావాలి?

పోటీలకు మూడు రోజుల ముందు, మార్చి 28న నాలుగేళ్ళ ఒప్పందం కుదిరింది. ప్రయాణ ఏర్పాట్లలో, బీమాలో పురుషుల జట్టుతో సమానత్వం వచ్చింది. బాలికల ఆటను ముందుకు తీసుకువెళ్ళే మార్గాలు సూచించడానికి ఒక సలహా బృందం ఏర్పడింది. ఏడాది పొడవునా ఆదాయం వచ్చింది. మొత్తాన్ని అధికారికంగా ప్రకటించలేదు కాని, ఒలింపిక్ కమిటీ ఇచ్చేదానితో కలిపి ఏడాదికి దాదాపు 70 వేల డాలర్లని పత్రికలు రాశాయి. ఏప్రిల్ 7న ఫైనల్‌లో అదనపు సమయంలో హిలరీ నైట్ కొట్టిన గోల్‌తో కెనడాను 3-2తో ఓడించారు. ఓడిపోయి ఉంటే 'డబ్బు మీద ధ్యాస, ఆట మీద లేదు' అని ఎంతమంది అనేవారో ఊహించడం కష్టం కాదు. న్యాయమైన కూలి అడిగిన స్త్రీ గెలిచి కూడా చూపించాలన్న ఈ అదనపు షరతు నాకు చిరాకు తెప్పిస్తుంది.

ఈ విజయాన్ని మరీ పెద్దది చేయను. ఒప్పందం జాతీయ జట్టులో ఉన్న కొద్దిమందికే. ఆ జట్టు అప్పటికి దాదాపు అంతా తెల్లవాళ్ళే. అమెరికా సీనియర్ మహిళా జట్టు తరఫున ఒక నల్లజాతి స్త్రీ, లైలా ఎడ్వర్డ్స్, మొదటిసారి ఆడింది 2023లో! కింది స్థాయిలో 2007 నుంచి నడుస్తున్న కెనడా మహిళల లీగ్, ప్రపంచ పోటీలు మరో నాలుగు రోజులున్నాయనగా, 2019 మార్చి 31న తాము మూసేస్తున్నట్టు ప్రకటించింది. అప్పుడు రెండు వందలమందికి పైగా క్రీడాకారిణులు, సరైన జీతం, ఆరోగ్య బీమా లేని ఏ లీగ్‌లోనూ ఆడబోమని మళ్ళీ కూర్చున్నారు. ఈసారి నాలుగేళ్ళకు పైగా పట్టింది. 2024 జనవరి 1న కొత్త లీగ్ మొదలైంది. అందులో మొదటి మ్యాచ్‌కు ముందే క్రీడాకారిణుల సంఘంతో సామూహిక ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

ఈ మధ్యలో 2021 ఏప్రిల్‌లో, నోవా స్కోషియా రాష్ట్రంలో జరగాల్సిన మహిళల ప్రపంచ పోటీలను కోవిడ్ కారణంగా ఆఖరి నిమిషంలో ఆపేశారు. ఆ వసంతంలోనే టెక్సస్‌లో కుర్రవాళ్ళ పోటీలు, రీగాలో పురుషుల పోటీలు ఆగకుండా జరిగాయి. మహిళలవి ఆగస్టులో కాల్గరీలో జరిపారు. జబ్బు అందరిదీ, వాయిదా మాత్రం ఆడవాళ్ళది.

మంచు మనకూ ఉంది, లదాఖ్‌లో. గడ్డకట్టిన చెరువుల మీద ఆడి నేర్చుకున్న అమ్మాయిలతో భారత మహిళా జట్టు 2016లో మొదటిసారి అంతర్జాతీయ పోటీకి తైపే వెళ్ళింది. ఖర్చుల కోసం జనం దగ్గర చందాలు పోగుచెయ్యవలసివచ్చింది. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4-3తో తొలి గెలుపు, 2025లో ఆసియా కప్‌లో కాంస్యం. జీతం మాట అక్కడికి ఇంకా చేరలేదు, టికెట్టు దగ్గరే ఉన్నాం.

ఇదంతా రాస్తూ నేను సిగ్గుపడిన సందర్భం ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక పరిశోధన ప్రాజెక్టులో, ఎండలో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసిన గ్రామీణ స్త్రీలను నివేదికలో 'వాలంటీర్లు' అని రాసింది నేనే. వాళ్ళకిచ్చినదాన్ని ఖర్చుల పద్దులో 'గౌరవ వేతనం' కింద చూపించాం. నాకు వచ్చినది 'జీతాలు' అనే పద్దులో ఉంది. వాళ్ళలో ఒకామె, "అమ్మా, ఇది కూలా, దానమా?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాను. ఆ ప్రశ్నకు ఆనాడు నా దగ్గర జవాబు లేక కాదు.

ఈ చిత్తుప్రతి చదివాక, మొదట నవ్విన మిత్రురాలు మళ్ళీ నవ్వలేదు. "మన పత్రికకు ప్రూఫులు దిద్దే అమ్మాయికి ఏ పద్దు కింద ఇస్తున్నాం?" అని అడిగింది. వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో అది మొదటి అంశం. ఆ అమ్మాయిని కూడా పిలిచాం.